బ్రేకే తొక్కాను

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను కరెంటు. కార్లలో వచ్చే కరెంటు జబ్బులు పట్టుకోవడం అతని పని. లైటు వెలగనివీ, హారన్ మోగనివీ, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోయేవీ నాలుగు చోట్లా తిరిగి చివరికి అతని ఇంటి ముందుకే చేరేవి. గేటు తీస్తే రేకుల కింద సిమెంటు నేల, పక్కన పనిబల్ల, ఎదురుగా గోడ. కడిగిన నీళ్ళు నిలవకుండా నేలని గోడవైపు కాస్త వాలుగా పోయించుకున్నాడు.

అతని భార్య దర్జీ. బజారులో చిన్న కొట్టు. మోటారు మిషను మీద కుట్టేది. ఎంత వేగంగా పోతున్నా సూదిని అనుకున్న కుట్టు దగ్గర ఆపగలదు. "దీని చేతుల్ని కాదు, కాలిని మెచ్చుకోవాలి," అనేది అత్తగారు. ఆవిడ కోడల్ని పేరుతో పిలవడం ఎప్పుడో మానేసింది. "ఒసేయ్ దర్జీ" అనేది. కోడలు కూడా తక్కువ తినలేదు, "ఏం అత్తా" అని అదే గొంతుతో పలికేది.

రోజూ సాయంత్రం కోడలు బట్టల మూటలతో కారులో ఇంటికి వచ్చేసరికి అత్తగారు గేటు తీసి గోడ దగ్గర నిలబడేది. చెయ్యి ఊపుతూ, "రా, రా, ఇంకా రా. గోడ మనదే, మొహమాటపడకు," అనేది. అది వాళ్ళిద్దరి రోజువారీ హాస్యం.

ఆ సాయంత్రం కూడా అలాగే అంది. కారు గేటు దాటి నెమ్మదిగా లోపలికి తిరిగింది. ఆగాల్సిన చోట ఆగలేదు. వేగమేమీ లేదు, మనిషి నడిచినంత నెమ్మది. అయినా ఆగకుండా జారుతూ వచ్చి అత్తగారిని గోడకి అదిమేసింది.

అరుపు విని, వంటింట్లో టీ పెట్టుకుంటున్న కరెంటు పరుగెత్తుకొచ్చాడు. కారుని వెనక్కి నెట్టి తల్లిని రెండు చేతుల మీదకి తీసుకున్నాడు. ఆవిడ మొహంలో రక్తం లేదు. నడుము కిందినుంచి కాళ్ళు ఆవిడవి కానట్టు వేలాడుతున్నాయి. భార్య స్టీరింగు ముందే కూర్చుని, "బ్రేక్ తొక్కానండీ, బ్రేకే తొక్కాను, పెడల్ నా కాలిని తన్నింది," అని అన్న మాటే అంటోంది.

"నోరు మూసుకుని తలుపు తియ్యి!" అని అరిచాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే అతనే చెప్పాడు. "నా భార్య కారు పెడుతోంది సార్. కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది." పక్కనే నిలబడి ఉన్న భార్య అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఆ మాటే వెనకనుంచి పరుగున వచ్చిన అక్కకీ చెప్పాడు. పరామర్శకి ఫోను చేసిన వాళ్ళకీ చెప్పాడు. చెప్పేకొద్దీ అది నోటికి అలవాటైపోయింది.

తల్లి తుంటి ఎముక మూడు ముక్కలైంది. లోపల రక్తం పోయింది. ఆపరేషన్ చేసి గొంతులో గొట్టం పెట్టి పడుకోబెట్టారు.

మర్నాడు పొద్దున్నే అతను కారు చూశాడు. బ్రేక్ ఆయిల్ ఉంది. ప్యాడ్లు బాగున్నాయి. వాకిట్లో ముందుకీ వెనక్కీ నడిపి తొక్కి చూశాడు, పట్టినట్టే పట్టింది. స్కానర్ తగిలించాడు. తప్పేదైనా నమోదై ఉంటే అందులో కనబడుతుంది. ఏమీ లేదు. భార్య కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తోంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"కారులో ఏం లేదు."

ఆమె కిటికీ దగ్గరనుంచి తప్పుకుంది. అంతే, అప్పట్నుంచి ఆమె నోట బ్రేకు మాట రాలేదు.

అక్క తమ్ముడికన్నా చాలా పెద్దది. చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీదే ఉంటోంది, అక్కడే పడుకుంటోంది. మరదలు అన్నం డబ్బా తీసుకుని వస్తే లేచి ఎదురొచ్చింది. కోప్పడలేదు. "నువ్వు ఇంటికెళ్ళమ్మా. నిన్ను చూస్తే నాకు ఏదో అయిపోతోంది. నోరు జారతాను. అమ్మ లేచాక వద్దువుగాని," అంది. మరదలు డబ్బా బెంచీ మీద పెట్టి వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి ఆమె కొట్టుకి వెళ్ళలేదు. ఇంట్లో ఉన్న మిషను ముందు కూర్చుంది. పెడల్ మీద కాలు పెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది. గుడ్డ సూది కింద అలాగే ఉండిపోయింది.

"నేనే తొక్కానేమోనండీ," అంది భర్త రాగానే. "మీరందరూ అంటున్నారు కదా. అంతమంది చెబుతుంటే నాకే సరిగ్గా గుర్తులేదేమో. తన్నిందనుకున్నానేమో. కాలు నాదే, కానీ అది ఏం చేసిందో నాకే తెలీడం లేదు."

అతను చెమట చొక్కా విప్పి తాడు మీద వేసి, మళ్ళీ ఆసుపత్రికి పోయాడు.

తల్లికి జ్వరం పట్టుకుంది. కిడ్నీలు మొరాయిస్తున్నాయని డాక్టరు చెప్పాడు. ఐసీయూ అద్దంలోంచి చూస్తే తల్లి ఇంత చిన్న మనిషి ఎప్పుడయిందా అనిపించింది. గొంతులో గొట్టం లేకపోతే ఏదో ఒక వెటకారం ఆడేదే. అక్క అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నం అతను బట్టలు మార్చుకుందామని ఇంటికి వచ్చాడు. ఇల్లంతా వెతికినా భార్య కనబడలేదు. పెరట్లో లేదు. మిద్దె మెట్లు రెండేసి ఎక్కాడు. అక్కడా లేదు. గబగబా కిందికి దిగాడు.

కారులో కూర్చుని ఉంది. ఇంజిను ఆపే ఉంది, అద్దాలు మూసి ఉన్నాయి. లోపల ఉక్కకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. బ్రేక్ తొక్కుతోంది, వదులుతోంది, యాక్సిలరేటర్ మీదికి కాలు మారుస్తోంది, మళ్ళీ కళ్ళు మూసుకుని బ్రేక్ మీదికి తెస్తోంది. ఎప్పట్నుంచి అలా చేస్తోందో, పాదం ఎర్రగా కమిలిపోయింది.

అతను తలుపు తీశాడు. "ఏం చేస్తున్నావ్?"

"చూస్తున్నా," అంది కళ్ళు తెరవకుండానే. "ఒక్కసారైనా తప్పుతుందేమోనని. ఒక్కసారి తప్పితే చాలు. అప్పుడు ఒప్పేసుకుంటా. ప్రాణం హాయిగా ఉంటుంది. తప్పడం లేదండీ. ఎన్నిసార్లు చూసినా తప్పడం లేదు."

అతను కారు పక్కనే నేలమీద కూలబడ్డాడు. ఇన్ని రోజులుగా అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు.

"తన్నిందన్నావు కదా. ఎలా తన్నింది?"

ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ఎగతాళి కాదని తెలిశాక అతని అరచెయ్యి తీసుకుని, దాని మీద పిడికిలితో గబగబా కొట్టింది. "ఇలా. టకటకటకా. కింద గర్రుమని చప్పుడు. నేను గట్టిగా తొక్కేకొద్దీ అది నన్ను పైకి తోసింది. అంతకు ముందు కూడా ఒకసారి గర్రుమంది. చక్రం కింద రాయి పడిందనుకున్నా."

అతను చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు. యాక్సిలరేటర్ కాలిని తన్నదు. ఏ కారులోనూ తన్నదు. అలా తన్నేది బ్రేకే, అదీ ఏబీఎస్ పని చేసినప్పుడే. చక్రం జారిపోతోందని తెలిస్తే ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేకు వదులుతూ పట్టిస్తూ ఉంటుంది. వాన రోడ్డు మీద, ఇసకలో చేసే పని అది. పొడి సిమెంటు మీద, మనిషి నడకంత వేగంలో దానికేం పని? ఆ సంగతి ఈ వీధిలో అందరికన్నా అతనికే బాగా తెలియాలి. భార్య మొదటి నిమిషంలోనే చెప్పింది. అప్పుడు అతను నోరు మూసుకోమన్నాడు.

"లే," అన్నాడు. "నాకు మీటరు అందివ్వు."

ఒక్కో చక్రం దగ్గర ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ళ చట్రాన్ని అది చూస్తూ, ఎంత వేగంగా తిరుగుతోందో వైరు గుండా ఏబీఎస్ పెట్టెకి చెబుతుంది. వైరులో ఆ మాట ఆగిపోతే, తిరుగుతున్న చక్రం బిగుసుకుపోయి జారుతోందని పెట్టె పొరబడుతుంది. బ్రేకు వదిలేస్తుంది. వైరు పూర్తిగా తెగితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగేది, స్కానర్‌లో పడేది. తెగీ తెగకుండా ఉంటే ఏదీ పడదు. ఆ పొద్దున అతను స్కానర్‌ని నమ్మి వదిలేశాడు.

కారుని జాకీల మీదకి ఎత్తాడు. నాలుగు సెన్సర్లకీ మీటరు పెట్టి చూశాడు. నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయి. పళ్ళ చట్రాలు తుడిచి, ఒక్కో పన్నూ వేలితో తడిమాడు. ఒక్కటీ విరగలేదు. సెన్సర్లు ఊడదీసి తుప్పు గీకి బిగించాడు. చక్రాలు చేత్తో తిప్పుతూ మీటరు చూశాడు. నాలుగూ చెప్పాల్సింది చెబుతున్నాయి. కారు దింపి రోడ్డు మీదికి తీసుకెళ్ళి నెమ్మదిగా, వేగంగా, గతుకుల్లో, అన్ని రకాలుగా తొక్కి చూశాడు. కుదురుగా ఆగింది. పెళ్ళికూతురంత బుద్ధిగా ఆగింది. అతనికి ఆ కారుని తగలబెట్టాలనిపించింది.

తిరిగొచ్చేసరికి అక్క వాకిట్లో నిలబడి ఉంది. చెప్పుల్లేవు. ఆసుపత్రి నుంచి అలాగే వచ్చేసినట్టుంది.

"ఎన్నిసార్లు ఫోన్ చేశానురా? రక్తం శుద్ధి చేసే మిషను పెడతారట, సంతకం కావాలన్నారు. నేనే పెట్టి వచ్చాను. అమ్మ అక్కడ అలా ఉంటే నువ్వు కారులో షికార్లు చేస్తున్నావా?"

"షికారు కాదక్కా. బ్రేకు... ఆమె తొక్కింది బ్రేకే అనిపిస్తోంది. వెతుకుతున్నా."

అక్క ఆ కారు వంకా, మీటరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన మరదలి వంకా చూసింది. "దొరికితే ఏమవుతుంది? అమ్మ లేచి నడుస్తుందా?"

అతను చేతికంటిన మసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నీ పెళ్ళాన్ని నేనేం ఉరి తీయమనలేదు కదరా. కాలు జారింది, ఎవరికైనా జారుతుంది. అది ఒప్పుకుని అమ్మ దగ్గర కూర్చోరా బాబూ. నీకు దండం పెడతా. నా ఒక్కదానివల్ల కావట్లేదు." అక్క పనిబల్ల పట్టుకుని వంగిపోయింది. మరదలు మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగింది గానీ ఆమెని చూడలేదు. తాగి, వెళ్ళిపోయింది.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. అతను కారుకి వీపు ఆనించి కూర్చున్నాడు. చేతుల నిండా మసి. గీకినచోట చర్మం లేచి మంట పెడుతోంది. అక్కతో వెళ్ళిపోవాల్సింది. వెళ్ళి ఐసీయూ అద్దం ముందు నిలబడితే ఏం చేయగలడు? ఇక్కడుంటే ఏం చేయగలుగుతున్నాడు? రెండు చోట్లా ఉట్టి చేతులే. తలని వెనక్కి కారు తలుపుకేసి కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. భార్య వచ్చి తలకీ తలుపుకీ మధ్య చెయ్యి పెట్టింది.

"మీరు చక్రం తిన్నగా ఉంచి చూస్తున్నారు," అంది.

"ఏంటి?"

"మీరు కారు ఎప్పుడూ వెనక్కి పెడతారు. నేను ముందుకే వస్తాను. గేటు దాటగానే స్టీరింగు ఎడమకి ఆఖరి దాకా తిప్పాలి, లేకపోతే బల్ల తగులుతుంది. ఆ రోజూ అలాగే తిప్పి ఉంది. తిప్పి ఉండగానే తొక్కాను."

అతను లేచిన తీరుకి స్పానర్లు చెల్లాచెదురయ్యాయి. కారు ముందు భాగాన్ని మళ్ళీ జాకీల మీదకి ఎత్తాడు. ముందు కుడి చక్రం సెన్సర్‌కి మీటరు తగిలించి ఆమె చేతిలో పెట్టి, తను స్టీరింగు పట్టుకుని ఎడమకి తిప్పాడు. "మారుతోందా?"

"లేదు."

ముందు ఎడమ చక్రానికి మార్చాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"మారుతోందా?"

"లేదు... ఆగండి. పెరుగుతోంది. ఇంకా తిప్పండి. అయ్యో, అంకె పోయిందండీ! మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది!"

స్టీరింగు తిన్నగా పెడితే అంకె సరిగ్గా నిలబడుతోంది. ఎడమకి ఆఖరి దాకా తిప్పితే పిచ్చిగా గెంతుతోంది. అతను చక్రం వెనక తల దూర్చి వైరుని చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వంచుతూ వచ్చాడు. షాక్ అబ్జార్బర్‌కి వైరుని పట్టి ఉంచే క్లిప్పు దగ్గర వంచగానే ఆమె "ఇదిగో!" అని అరిచింది. పైన నల్లటి తొడుగు చెక్కుచెదరలేదు. లోపల తీగ మాత్రం వంగి వంగి తెగిపోయి, ఒకటో రెండో పోగుల మీద ప్రాణం నిలుపుకుని ఉంది.

కోసి చూడాలని చేతులు దురద పెట్టాయి. ఆపుకున్నాడు. కోస్తే తనకి తెలిసేది తీగ సంగతే, ఆ సాయంత్రం సంగతి కాదు. జాకీలు దించి, గోడ దగ్గర ఖాళీ అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తల్లి నిలబడిన చోటే. భార్యని మెట్లెక్కి నిలబడమన్నాడు. కారుని గేటు బయటికి తీసుకెళ్ళి, ఆమె వచ్చినట్టే ముందుకు వచ్చాడు. స్టీరింగు ఎడమకి ఆఖరి దాకా తిప్పాడు. ఆమె తొక్కే చోట తొక్కాడు.

పెడల్ అతని పాదాన్ని తన్నింది. టకటకటకా, గర్రుమంటూ. బిగబట్టి తొక్కాడు. ఆ అదురు మోకాలిదాకా పాకింది. కారు ఆ వాలులో ఆగకుండా జారుతూ పోయింది. అంతా ఎంత నెమ్మదిగా జరిగిందంటే పెట్టెలు నలగడం ఒక్కొక్కటీ చూశాడు. గోడ దగ్గర్నుంచి తల్లి "మొహమాటపడకు" అన్నట్టే వినబడింది.

కారు ఆగాక అతను దిగలేదు. కాలు ఇంకా బ్రేక్ మీదే బిగుసుకుని ఉంది. భార్య వచ్చి తలుపు తీసేదాకా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె ఏడవలేదు. నలిగిన పెట్టెల్నే చూస్తూ నిలబడింది.

ఇద్దరూ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. వరండాలో అక్క మరదల్ని చూసి లేవబోయింది. అతను అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, "అక్కా, తను బ్రేకే తొక్కింది. నేను తొక్కినా ఆగలేదు. సెన్సర్ వైరు లోపల తెగిపోయింది. కావాలంటే తెచ్చి చూపిస్తా," అన్నాడు.

అక్క అతన్ని భుజం పట్టి లేపింది. "నాకు వైర్లూ గియర్లూ ఏం తెలుస్తాయిరా? నువ్వు చెబుతున్నావు కదా, చాలు," అంది. తర్వాత మరదలి వైపు తిరిగి, ఆమె మణికట్టు పట్టుకుంది. అలాగే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, నర్సుతో, "ఈవిడ మా అమ్మ కోడలు. ఈవిడ ఎప్పుడొచ్చినా పంపించండి," అంది.

కోడలు అత్తగారి చెవి దగ్గర వంగి, "ఏం అత్తా," అంది. జవాబు రాలేదు. తడిగుడ్డతో మొహం తుడిచింది. చేతులు తుడిచింది. ఆ రాత్రీ ఆ మర్నాడూ మంచం పక్కనుంచి కదల్లేదు. పెద్దావిడ కళ్ళు తెరవలేదు. రక్తం శుద్ధి చేసే మిషను కూడా ఏమీ చేయలేకపోయింది. మూడో రోజు పొద్దున, కోడలు చెయ్యి పట్టుకుని ఉండగానే ప్రాణం పోయింది.

ఇంటికి జనం వచ్చారు. పొరుగావిడ ఒకరు పక్కనున్నావిడతో గుసగుసగా, "కోడలే కదా, యాక్సిలరేటర్ తొక్కేసిందట పాపం," అంది. అది అక్క చెవిన పడింది.

"ఎవరు చెప్పారు మీకు? తొక్కలేదు. బ్రేకే తొక్కింది. కారు ఆగలేదు," అంది అందరికీ వినబడేలా. పొరుగావిడ కరెంటు వైపు చూసింది. ఆవిడకి ఆ మాట చెప్పింది అతనే.

తర్వాతి రోజుల్లో అతను ఫోను తీసి, మొదటి రోజు ఎవరెవరికి ఆ మాట చెప్పాడో వాళ్ళందరికీ చేశాడు. ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకీ చెప్పాడు. కొందరు శ్రద్ధగా విన్నారు. కొందరు, "సర్లే, అయిందేదో అయింది," అన్నారు. అలాంటివాళ్ళకి మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. వైరు మార్చాడు. అదే రకం కార్లున్న తన ఖాతాదార్లని పిలిచి, స్టీరింగు ఎడమకి తిప్పించి మీటరు పెట్టి చూశాడు.

ఒక మధ్యాహ్నం ఆ సంగతే భార్యతో చెప్పాడు, ఫలానా వాళ్ళ కారులో కూడా వైరు అదే చోట అరిగి ఉందని, ముందే పట్టుకున్నానని. ఆమె మెట్ల మీద కూర్చుని చీర అంచు కుడుతోంది, చేత్తోనే. మిషను దగ్గరికి ఇంకా వెళ్ళడం లేదు.

"మంచి పని చేశారు," అంది. దారం కొరికింది. "వదినకి మీరు ఒక్క మాట చెబితే నమ్మింది. నేను మీకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తుందా?"

"ఉంది."

"మీటరు చెప్పాక నమ్మారు."

అతను మెట్టు మీద ఆమెకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. తప్పయిందని అప్పటికి చాలాసార్లు అన్నాడు. మళ్ళీ అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుని తల వంచుకుంది. లేచి వెళ్ళమనలేదు. దగ్గరికి రమ్మనీ అనలేదు. ఎండ గేటు దాటి సిమెంటు నేల మీదికి వచ్చేదాకా అతను అక్కడే కూర్చున్నాడు.